గుట్ట ఖాళీ అని రాయను

అడవిని కొలిచే పని చేశానంటే మార్కాపురంలో మా బంధువులు ఇప్పటికీ నవ్వుతారు. అడవిని ఎట్లా కొలుస్తారని అడుగుతారు. కొలుస్తారు. ప్రతి దేశమూ తనకెంత అడవి ఉందో కొన్నేళ్ళకోసారి ప్రపంచానికి లెక్క చెప్పాలి. ప్రతి చెట్టునూ కొలవడం ఎవరి తరమూ కాదు కాబట్టి, పటం మీద అక్కడక్కడా చుక్కలు పెడతారు. నాలాంటి కాంట్రాక్టు మనుషులు జీపీఎస్ పట్టుకొని ఆ చుక్క దగ్గరికి వెళ్ళి, చుట్టూ తాడు లాగి గిరి గీసి, లోపలున్న చెట్లను ఛాతీ ఎత్తులో టేపు చుట్టి కొలవాలి. చుక్క ఎక్కడ పడితే అక్కడే కొలవాలన్నది ఈ పనికి ప్రాణం. మనకు నచ్చిన చోట కొలిచేదాన్ని లెక్క అనరు.

ఒక ఎండాకాలం గిద్దలూరు వైపు తిరుగుతుంటే చుక్క మా ఊరి గుట్ట మీదే పడింది. సంబరంగా ఎక్కాను. గిరిలో ఒక్క చెట్టూ లేదు. అన్నీ నా నడుము దాటని పొదలే.

మా టీముకొక అలవాటుండేది. చుక్క ఎండలో పడితే, సిగ్నల్ సరిగా లేదని వంక పెట్టి చెట్లున్న వైపు కాస్త జరిగేవాళ్ళం. కొలతా అయ్యేది, నీడలో క్యారియర్ విప్పడమూ అయ్యేది. మేం అన్నం తిన్నచోటల్లా దేశానికి అడవి పెరిగేదన్నమాట. ఆ రోజు కూడా మా సూపర్‌వైజర్ గుట్ట కింద వాగు పక్కనున్న వేపచెట్లు చూపించాడు.

"అమ్మాయ్, చుక్కను అట్ల జరుపుదాం. ఈడ ఏముంది రాసేదానికి?"

"చెట్లు లేవని రాద్దాం సార్."

"అట్ల రాస్తే పైనోళ్ళు నమ్మరు. గుట్ట ఎక్కకుండానే రాసినారంటారు. ఫోన్లకు జవాబు చెప్పుకునేది నేను."

ఆయన చెప్పింది నిజమే. ఎండలో మాడి సున్నా రాసినవాణ్ణి అనుమానిస్తారు, నీడలో కూర్చుని చెట్లు రాసినవాడి భుజం తడతారు. అయినా నాకు ఒళ్ళు మండింది. గుట్ట ఖాళీగా పడుందని, జామాయిల్ నాటి కంచె వేస్తారని అప్పటికే ఊళ్ళో చెప్పుకుంటున్నారు. మా అమ్మ బతుకంతా ఆ గుట్ట మీది చిట్టీత. ఆ పొట్టి ఈత మట్టలు కోసి, ఆరబెట్టి, చీపుర్లు కట్టి అమ్మి నన్ను డిగ్రీ చదివించింది.

చుక్క జరిపితే గుట్టకు చెట్లున్నట్టు లెక్కలో పడుతుంది, అమ్మకూ మేలేనేమో అని ఒక క్షణం ఆశ పుట్టింది. కాని లేని చెట్లను చూపించి ఎన్నాళ్ళు కాపాడతాను? ఎవరో ఒకరు వచ్చి చూస్తే అక్కడితో సరి. ఉన్నదాన్నే గట్టిగా రాయాలనుకున్నాను. నిజానికి పొదలనూ గడ్డినీ కూడా చిన్న గిరుల్లో కొలవాలి. విసుగుపుట్టే పని కాబట్టి అందరూ దాన్ని తూతూమంత్రంగా కానిచ్చేస్తారు.

"చుక్క జరపను సార్. చెట్లు లేవని రాస్తా. పొదలన్నీ కొలిచినాకే దిగుతా."

"వచ్చే సీజన్‌కు నిన్ను పిలవాల్నా వద్దా?"

"మీ ఇష్టం సార్. ఈడ మాత్రం ఖాళీ అని రాయను."

ఆయన తువ్వాలు నెత్తిన వేసుకొని బండ మీద కూర్చున్నాడు. కాసేపటికి విసుక్కుంటూనే లేచి వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. బలుసు, కలివి, తంగేడు, చిట్టీత అన్నీ రాశాం. మరుసటి సీజన్‌కు నన్ను పిలవలేదు. బాధపడ్డానుగాని, తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

తరవాత ఒకరోజు ఊళ్ళో మీటింగు పెట్టారు. బయటనుంచి వచ్చిన అధికారి ఒకాయన ఉపగ్రహం తీసిన పటం చూపించాడు. గుట్ట కిందున్న జామాయిల్ తోటలు ముదురు ఆకుపచ్చ, గుట్ట పాలిపోయిన పసుపు. పైనుంచి చూస్తే నేలలో వందకు పది వంతులైనా చెట్ల కొమ్మల కప్పు ఉండాలి, అప్పుడే అడవి లెక్క. ఆ కప్పు సొంత తోటదైనా సరే. కొన్నేళ్ళకోసారి మొదలంటా నరికి కాగితం మిల్లుకు తోలే తోట అడవి, మా అమ్మమ్మ కోసిన చోటే మా అమ్మ కూడా కోస్తున్న చిట్టీత అడవి కాదు. దీన్ని ఏ దేశం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

"ఖాళీ జాగానే కదా, చెట్లు పెరిగితే మీకే మంచిది," అన్నాడాయన.

నేను లేచాను. "ఖాళీ అని ఎవరు చెప్పినారు సార్? ఆ గుట్ట కొలిచింది నేను. చెట్లు లేవన్నాను గాని ఏమీ లేదనలేదు. ఏముందో వరసగా చెప్తా, వినండి."

చెప్పాను. ఆయన ఓపిగ్గానే విని, మొక్కలు నాటే కూలి పని ముందు మా ఊరోళ్ళకే ఇస్తామన్నాడు. అప్పుడు మా అమ్మ లేచింది. మీటింగుల్లో నోరు విప్పే మనిషి కాదు.

"కూలి సరే సారూ. కంచె వేసినాక మా గుట్ట ఎక్కేదానికి నేను ఎవుర్ని అడగాల?"

ఆయన పటం చుట్టసాగాడు. అమ్మ మాత్రం కూర్చోలేదు. జవాబు కోసం అలాగే నిలబడింది. ఆమె వెనక ఆడవాళ్ళూ, మేకలున్న రైతులూ ఒక్కొక్కరే లేచారు. అప్పటికే కంచె రాళ్ళు వేసుకొచ్చి గుట్ట కింద ఆగున్న ట్రాక్టరు ఆ సాయంత్రం సరుకు దించకుండానే వెనక్కి తిరిగింది. అది మళ్ళీ వస్తుందని మాకు తెలుసు. రానీ, మేం ఇక్కడే ఉంటాం.