వెయ్యి కిలోమీటర్లదాకా నలభై దాటని కంప్యూటరు

మా పెదనాన్న ముప్పయ్యొక్క ఏళ్లు సిటీ బస్సు నడిపాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. ఒకసారి ముందు అద్దం పగిలింది, అదీ ఎవడో పావురానికి విసిరిన రాయి తగిలి. ఇంటికి ఎవరొచ్చినా ఆయన చెప్పేది ఆ పావురం కథే. చెప్పుకోవడానికి వేరే సంఘటన ఏదీ జరగనివ్వలేదు మరి.

యాభై ఏడో ఏట కళ్ల పరీక్షలో ఎడమ కన్ను తప్పింది. డాక్టరు కాగితం మీద ఒక గీత గీశాడు. మర్నాటి నుంచి పెదనాన్న ఇంట్లో.

నేను కాలేజీ మానేశాక మా నాన్న మొహం చూడలేక అప్పటికే వాళ్లింట్లో పడి ఉన్నాను. కాబట్టి ఈ కష్టం ఎలాంటిదో నాకు ఒంటిమీద తెలుసు. ఆయన కుర్చీలో కూర్చున్నా కాళ్లు డ్యూటీలోనే ఉండేవి. పెద్దమ్మ గిన్నెను కాస్త జోరుగా జరిపినా చాలు, బల్ల కింద ఠపీమని బ్రేకు. భోజనానికి ఆయన మధ్యలో కూర్చుంటాడు. కుడివైపు నేను, ఎడమవైపు పెద్దమ్మ. నా పాదం ఆయనకి బ్రేకు, ఆవిడ పాదం క్లచ్చు.

"క్లచ్చు నయం, బ్రేకైతే మొత్తం బరువు వేసి తొక్కుతారు" అనేది పెద్దమ్మ నన్ను ఓదారుస్తూ. ఆవిడ ఇంట్లో బూట్లు వేసుకోవడం మొదలుపెట్టింది.

ఆర్నెల్లు ఇలా గడిచాయి. మనిషి చిక్కిపోయాడు. పొద్దున్నే ఐదింటికి లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని, ఎక్కడికీ వెళ్లేవాడు కాదు. బస్టాపులో నిలబడి వచ్చే బస్సుల చప్పుడు వినేవాడు. "మూడో గేరు అరుస్తోంది, ఎవడూ పట్టించుకోడు" అని ఇంటికొచ్చి బాధపడేవాడు.

ఒకరోజు నా ఫోన్లో ఆయనకి ఒక వీడియో చూపించాను. ఎవడో ఇంట్లో కూర్చుని, బల్లకి స్టీరింగు బిగించుకుని, కాళ్ల దగ్గర పెడల్స్ పెట్టుకుని, కంప్యూటర్లో బస్సు నడుపుతున్నాడు. స్టాపులు, సిగ్నళ్లు, తలుపు ముందు జనం, అన్నీ ఉన్నాయి. పెదనాన్న మూడుసార్లు చూశాడు. నాలుగోసారి ఫోన్ నా చేతికివ్వలేదు.

"దీనికి లైసెన్సు అడుగుతారా?"

"అడగరు."

"కన్ను?"

"కన్నూ అడగరు."

అప్పుడు లోపలికెళ్లి పెద్దమ్మతో ఏం మాట్లాడాడో తెలీదు. గంట తర్వాత ఆవిడ ఒక కవరు తెచ్చి నా ముందు పెట్టింది. ఆయనకి డిపో నుంచి ఆఖరున వచ్చిన డబ్బులోంచి ఆవిడ విడదీసిన వాటా అది.

"ఇదొక్కటే కవరు" అంది. "పదేళ్లు నడవాలి. మధ్యలో పాడైందని ఇద్దర్లో ఎవరొచ్చినా నా జవాబు మీకు తెలుసు."

"పదేళ్లా? పెద్దమ్మా, కంప్యూటరు అంటే..."

"ఆ ఫ్రిజ్ చూశావా? నీకంటే పెద్దది. నువ్వు రెండో ఏడాదిలోనే ఆగిపోయావు, అది ఇంకా చదువుతూనే ఉంది."

నేను లిస్టు రాయడం మొదలుపెట్టాను. కంప్యూటర్లు తెలుసని నాకు గట్టి నమ్మకం. గేమింగ్‌కి ప్రాణం గ్రాఫిక్స్ కార్డు, తెరమీద బొమ్మ గీసేది అదే. అందుకని కవర్లో సగానికి పైగా దానికే పెట్టాను. అద్దాల క్యాబినెట్, లోపల ఏడు రంగుల లైట్లు. తెరకి ఇంట్లో టీవీ ఉంది. మిగతావన్నీ చవకవి. అన్నింటికంటే చవకది పవర్ సప్లయి, అంటే అన్ని భాగాలకీ కరెంటు పంచే డబ్బా. కనపడదు కదా, దానికెందుకు తగలెయ్యాలి అనుకున్నాను.

షాపుకెళ్లాం. షాపాయన నా లిస్టు చూసి మెచ్చుకున్నాడు. అందులో లాభం తనదే అని నాకప్పుడు తట్టలేదు. పెదనాన్న మాత్రం లిస్టు వైపు చూడనే లేదు. ఒక్కో డబ్బా చేతిలోకి తీసుకుని తూచాడు. పవర్ సప్లయి దగ్గర ఆగాడు.

"ఇది మరీ తేలిగ్గా ఉందేం?"

"బరువుతో పనేముంది పెదనాన్నా."

"బ్రేకు డ్రమ్ము ఇంత తేలిగ్గా ఉంటే నేను బండి తియ్యను." షాపాయన వైపు తిరిగాడు. "మీ షెడ్డు ఎక్కడ?"

డ్యూటీలో ఆయనకో అలవాటుండేది. బస్సు తీసుకునే ముందు, నిన్న నడిపిన డ్రైవర్ని ఏమీ అడిగేవాడు కాదు. "డ్రైవరు తన బండిని వెనకేసుకొస్తాడు. షెడ్డుకి అబద్ధం రాదు" అనేవాడు. నేరుగా మెకానిక్ దగ్గరికెళ్లి, ఈ వారం ఏయే బండ్లు, ఏ రోగంతో వచ్చాయో కనుక్కునేవాడు.

షాపు వెనక రిపేరు బల్ల ఉంది. అక్కడ పనిచేసే మనిషికి నుదుటిమీద దీపం కట్టుకుని ఉంటాడని సర్జన్ అని పేరు. పెదనాన్న స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు. మర్నాడు ఫ్లాస్కుతో వెళ్లాడు. ఆ మర్నాడు రెండు కప్పులతో. నాలుగు రోజులు అక్కడే.

"ఈయన ఏమైనా కొంటారా?" అని షాపాయన నన్నడిగాడు.

"ముందు చావులు చూసుకుంటున్నాడు" అన్నాను.

నాలుగో రోజు నన్నూ కూర్చోబెట్టారు. సర్జన్ ఒక అట్టపెట్టె నా ముందు బోర్లించాడు. పదకొండు పవర్ సప్లయిలు, అన్నీ నేను లిస్టులో రాసిన రకం. రెండు మాడిపోయి నల్లగా ఉన్నాయి.

"ఇది పోతే పోనీ అనుకోవచ్చు, కానీ పోతూ పోతూ పక్కనున్న బోర్డునీ తీసుకెళ్తుంది" అన్నాడు సర్జన్. "ఇంకోటి, ఆ అద్దాల పెట్టె. ముందువైపు గాలికి దారి లేదు. లోపల వండుకోవచ్చు."

"రేడియేటరు ముందు రేకు కొట్టినట్టు" అన్నాడు పెదనాన్న.

"అచ్చం అంతే డ్రైవర్ గారూ."

వాళ్లిద్దరూ నావైపు జాలిగా చూశారు. నాకు ఒళ్లు మండింది, కానీ పదకొండు శవాల ముందు ఏం వాదిస్తాను.

కొత్త లిస్టు అక్కడే తయారైంది. బరువైన పవర్ సప్లయి. ముందు జల్లెడలా కన్నాలున్న ఇనప పెట్టె, లైట్లు లేవు. మదర్‌బోర్డు మాత్రం ఒక మెట్టు పైది, ర్యామ్ పెట్టుకునే నాలుగు అరలున్నది. ఇప్పటికి రెండే నింపుతాం.

"తర్వాత ప్యాసింజర్లు పెరిగితే సీట్లు ఉండాలిగా" అన్నాడు పెదనాన్న.

ఇంత కోసినా నా పెద్ద గ్రాఫిక్స్ కార్డుని ప్రాణంలా కాపాడుకున్నాను. లైట్లూ అద్దాలూ పోబట్టి ఆ కార్డు మిగిలింది. కవరుకి సరిగ్గా సరిపోయింది, చిల్లరతో సహా. గర్వంగా లిస్టు చదివాను. పెదనాన్న చివరిదాకా విన్నాడు.

"స్టీరింగు ఏది?"

సర్జన్ నుదుటి దీపం ఆర్పేశాడు. ఆయన నవ్వుతున్నది నాకు కనపడకూడదని అనుకుంటా.

ఇన్ని రోజులుగా రెండుసార్లు లిస్టు రాసి, ఈ మొత్తం తతంగం దేనికోసమో ఆ వస్తువే రాయలేదు. స్టీరింగు, పెడల్స్. అవి లేకపోతే కీబోర్డు మీద బాణం గుర్తులు నొక్కుతూ బస్సు నడపాలి. ఆయన ఎదురుగా ఆ మాట అనడానికి కూడా భయమేసింది. అన్నాను.

"వేళ్లతోనా?" అన్నాడు. కోపం లేదు. మెల్లగా లేచి ఫ్లాస్కు మూత బిగించాడు. "అయితే వద్దులేరా. కవరు మీ పెద్దమ్మకి ఇచ్చేద్దాం."

ఆ గొంతు నేనింతకుముందు ఒక్కసారే విన్నాను, కళ్ల పరీక్ష కాగితం ఇంటికి తెచ్చిన రోజు.

"ఆగు పెదనాన్నా. పవర్ సప్లయి కాస్త తగ్గిస్తే..."

"దాని మీద చెయ్యి వేశావంటే చూడు" అన్నాడు సర్జన్.

"కార్డు తగ్గించు" అన్నాడు పెదనాన్న, నిలబడే.

"కార్డు తగ్గిస్తే చెట్ల ఆకులు సరిగ్గా కనపడవు. నీళ్లలో నీడలు పడవు. దూరంగా కొండలు ముద్దలా ఉంటాయి."

"ఒరేయ్ ఇంజనీరూ." కాలేజీ మానేశాక ఆయన నన్నలాగే పిలుస్తాడు. "ముప్పయ్యొక్క ఏళ్లలో నేను చూసిన చెట్టు ఒక్కటి చెప్పు. చెట్లు ప్యాసింజర్లకి. డ్రైవరుకి రోడ్డు, అద్దం, ముందువాడి బ్రేకు లైటు. ఈ మూడూ కనిపిస్తాయా?"

"చిన్న కార్డులో కూడా కనిపిస్తాయి" అన్నాడు సర్జన్. "పైగా అది తక్కువ వేడెక్కుతుంది. ఎక్కువ కాలం వస్తుంది."

నా కార్డుని నేనే స్వయంగా కొట్టేసి, రెండు మెట్లు కిందది రాశాను. మిగిలిన దాంట్లో స్టీరింగు వచ్చింది. కొత్తదేం కాదు, ఎవరో వాడి విసుగెత్తి అమ్మినది. పెదనాన్న దాన్ని పదినిమిషాలు అటూ ఇటూ తిప్పి, "ప్లే కొంచెం ఉంది, కాస్త తిప్పేదాకా పట్టదు, మా పాత బండికీ ఉండేది" అని సంతోషపడ్డాడు.

సర్జన్ స్వయంగా ఇంటికొచ్చి బిగించాడు. స్విచ్చు వేసేముందు పెదనాన్న పెట్టె చుట్టూ ఒక రౌండు తిరిగాడు. పైన అరచెయ్యి ఆనించాడు. వంగి ఫ్యాన్ల చప్పుడు విన్నాడు. కూర్చుని సీటు జరుపుకున్నాడు. అద్దం సర్దుకోబోయి, అద్దం లేదని గుర్తొచ్చి చెయ్యి దించుకున్నాడు.

బస్సు కదిలింది. నేను తెరమీద స్పీడు అంకె చూస్తున్నాను. ఇరవై. ముప్పై. ముప్పై ఎనిమిది. అంతే. హైవే మీదికెక్కినా ముప్పై ఎనిమిదే. వెనక లారీలన్నీ హారన్లు కొడుతున్నాయి.

"పెదనాన్నా, తొక్కు. ఖాళీ రోడ్డు."

"కొత్త ఇంజనురా. వెయ్యి కిలోమీటర్లదాకా నలభై దాటకూడదు. అప్పుడే పదేళ్లు వస్తుంది."

"ఇంజను లేదు పెదనాన్నా. అది కంప్యూటరు. నువ్వు నలభైలో వెళ్లినా నూట ఇరవైలో వెళ్లినా దానికి ఒకటే."

"అలాగే చెప్తారు, కొత్త డ్రైవర్లందరూ."

నేను సర్జన్ వైపు చూశాను, న్యాయం కోసం. ఆయన స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంటూ, "నిదానం దేనికైనా మంచిదే" అన్నాడు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అడిగింది: "టీవీ మళ్లీ నాకెప్పుడు?"

ఆ ఇంట్లో వెయ్యి కిలోమీటర్లు పూర్తవడానికి రెండు వారాలు పట్టింది. పొద్దున ఐదున్నరకి డ్యూటీ ఎక్కేవాడు, ఇస్త్రీ చొక్కాతో. పదింటికి దిగేవాడు, ఎందుకంటే ఆ తర్వాత టీవీ పెద్దమ్మది. గోడమీద క్యాలెండర్లో రోజుకెన్ని కిలోమీటర్లో రాసేవాడు. ఎవరైనా పలకరించడానికొస్తే పావురం కథ కాకుండా, సిగ్నల్ దగ్గర ఒక కారు తనకి అడ్డం వచ్చిన కథ చెప్పేవాడు. ఆ కారు నిజం కాదని మేమెవరం గుర్తుచేయలేదు.

మొన్న భోజనం దగ్గర పెద్దమ్మ గిన్నె బల్ల అంచుదాకా జారి, పడబోయి ఆగింది. అలవాటుకొద్దీ నేను కాలు వెనక్కి లాక్కున్నాను. ఏమీ కాలేదు. పెద్దమ్మ నావైపు చూసింది. తర్వాత బల్ల కిందికి వంగి చూసింది.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఏం?"

"ఏం లేదు. తినండి."

ఆవిడ బూట్లు విప్పి బల్ల కిందే వదిలేసింది. రెండు రోజులు చూసి నా కాలూ పాత చోటికి తెచ్చి పెట్టాను. ఇంతవరకూ ఎవరూ తొక్కలేదు.