శంఖం వేళకు ముందే

ఆ ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫిలోయి ఇంటికే తెచ్చేవారు. వచ్చినవాళ్లందరికీ ఆమె చదివే పాఠం ఒకటే: ముందు కాపీ తీస్తాను, ఆ తర్వాతే డిస్కు మీద చెయ్యి వేస్తాను. అంత కచ్చితమైన మనిషి ఇయోసెఫా దగ్గర మాత్రం మెత్తబడింది.

ఇయోసెఫా చర్చి పాటల బృందానికి పెద్ద. ఊరి ప్రార్థన శంఖం ఊదేది కూడా అతనే. పోయిన భార్య లూపే పాడిన పాటలన్నీ అతని పాత కంప్యూటర్లోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. దాని డిస్కును ఎవరో రెండు భాగాలుగా చీల్చి పెట్టారు. చిన్న భాగం కిక్కిరిసిపోయి కంప్యూటర్ తెరుచుకోవడం మానేసింది. పెద్దదాంట్లో లూపే పాటలు, బోలెడంత ఖాళీ. పాటల్ని ఓ పక్కకు జరిపి, మధ్య గోడను అటు నెడితే సరిపోతుంది. కాపీకి తగ్గ డిస్కు రాజధాని అపియా నుంచి పడవలో రావాలి. చర్చిలో పిల్లల ఆదివారం పండగ దగ్గర పడింది, ఆలోపే పాటలు కావాలని ఇయోసెఫా రోజూ వచ్చి ప్రాణం తీస్తున్నాడు. పోనీలే అనుకుని, కరెంటు పోయినా ఆదుకునేలా బ్యాటరీ పెట్టె తగిలించి, ఫిలోయి పని మొదలుపెట్టింది. సాయంత్రం శంఖం మోగేలోపే అయిపోతుందని లెక్క చూసుకుంది, ఇయోసెఫాతోనూ సాయంత్రానికి ఇచ్చేస్తానంది.

గోడ సగం జరిగింది. ఇంకా ఎండ తగ్గకుండానే శంఖం మోగింది.

శంఖం మోగితే ఊరంతా ఎక్కడివాళ్లక్కడ కూర్చోవాల్సిందే. అత్తగారు పెపే ఎప్పటిలాగే ఇంటి మెయిన్ స్విచ్ కట్టేసింది. టీవీ, రేడియో ఒకేసారి నోరు మూస్తాయని ఆమె అలవాటు. బ్యాటరీ పెట్టె కీచుకీచుమని అరవసాగింది. చాప మీద కళ్లు మూసుకున్న ఫిలోయి ఉలిక్కిపడింది. బ్యాటరీ ఉందిగా అని సర్దుకుంది. మామగారు ప్రార్థన చదువుతుంటే నోరు విప్పడానికి లేదు. అంతలో ముసలామె లేచిన అలికిడైంది. కీచు ఆగిపోయింది.

ఫిలోయి కళ్లు తెరిచేసరికి తెర నల్లగా ఉంది.

"దేవుడి మాటకు అడ్డొస్తోంది, దాని నోరు నొక్కానమ్మాయ్," అంది పెపే, మంచి పని చేసినట్టు.

సగం జరిగిన పాటలు పాత చోటా లేవు, కొత్త చోటా లేవు. ఫిలోయి తిండి మానేసి వెతికింది. బృందం గొంతులు ముక్కలు ముక్కలుగా దొరికాయి. లూపే గొంతు ఒక్క ముక్కయినా దొరకలేదు.

ఇయోసెఫాను పిలిపించి, కాపీ తియ్యకపోవడం తన తప్పేనని చెప్పింది. వెనక నుంచి పెపే, ఆర్పింది తనేనని ఒప్పుకుంది. ఇయోసెఫా వచ్చి నల్లటి తెర ముందు కూర్చున్నాడు.

"పని ఆ సాయంత్రానికి అయిపోతుందన్నావు కదా తల్లీ," అన్నాడు. "ప్రార్థన కానిచ్చేసి మా లూపే పాట వినడానికి వద్దామని, శంఖం ముందే ఊదేశాను."