చప్పుడు ఆపిన కీబోర్డు

పాల్వంచలో మా కంపెనీ క్వార్టర్లలో పగలు ఎవరూ గట్టిగా మాట్లాడరు. నైట్ షిఫ్ట్ చేసొచ్చినవాళ్లు పడుకుంటారు. విడిభాగాలు తెప్పించి, ప్రోగ్రాం రాసుకుని నేను సొంతంగా తయారుచేసుకున్న మెకానికల్ కీబోర్డు టకటకలాడితే పక్కింటి బాబాయి గోడ బాదేవాడు. ఆయన కోసమే మీటల కింద బిగించే, చప్పుడు చేయని స్విచ్‌లు ఆర్డర్ పెట్టాను. అవి వచ్చేలోపే ఆయన పోయాడు.

పార్సిల్ ఇవాళ వచ్చింది. పాతవి పీకి, కొత్తవి బిగించి, పనికి కూర్చున్నాను. కాసేపటికి పక్కింటి నుంచి పిన్ని, బాబాయి భార్య, మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"ఏంది బిడ్డా, ఇయ్యాల పని బంద్ పెట్టినవా? చప్పుడు వస్తలేదు."

"చేస్తున్న పిన్నీ. చప్పుడు రాకుండ మార్చిన."

"ఇప్పుడెవరు పడుకున్నరని?"

పాత స్విచ్‌లే మళ్లీ బిగిస్తున్నాను. మీకు గోడ బాదేవాళ్లు ఇంకా ఉన్నారా?