తప్పులన్నీ ఒక్కసారే చెప్పమన్న మా వదిన

మా వదిన పోయింది. కబురు నేను పాఠాలు చెప్పే బడికి ట్రంకుకాల్‌లో వచ్చింది. హెడ్మాస్టరుగారి గదిలో రిసీవరు చెవికి ఆనించుకుంటే, హైదరాబాదు దవఖాన నుంచి అన్న గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది. "మీ వదినె లేదు చెల్లే. అమ్మకు జర నువ్వే చెప్పు." ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. అప్పటినుంచి అమ్మ మాట్లాడటమే తగ్గిపోయింది.

వదిన హైదరాబాదులో ఒక కంప్యూటరు ఆఫీసులో పనిచేసేది. హాస్టల్లో ఉండి, సెలవు దొరికినప్పుడు మెదక్ వచ్చేది. ఆమె పనేమిటో మాకెవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నాకు చెప్పింది. యంత్రం ముందు కూర్చుని ఒక్కో ఆజ్ఞ టైపు చేస్తే, దాన్ని అందుకుని పని చేయించే ప్రోగ్రాము ఒకటి ఉంటుందట. అది మొదలయ్యే ముందు, యంత్రాన్ని వాడుకునేవాళ్లు తమకు ఏది ఎలా ఉండాలో రాసిపెట్టుకున్న అమరికలను చదువుతుంది. ఒక్క తప్పు కనబడితే చాలు, అది చెప్పి ఆగిపోతుంది. దాన్ని దిద్దుకుని మళ్లీ యంత్రం దగ్గర తమ వంతు కోసం కూర్చుంటే అప్పుడు రెండోది బయటపడుతుంది.

"పాపం, జిల్లాలకెల్లి వస్తరు. తప్పుకో దినం పోతది వాళ్లకు. నేనేమో అది ఆగకుండ ఆఖరుదాక చదివి, తప్పులన్నీ జమచేసి ఒక్కపారే చెప్పేటట్టు రాస్తున్న" అంది.

వినడానికి తేలికే. కానీ ఒక తప్పు వల్ల దాని కింద ఉన్న మంచి వరసలు కూడా తప్పుల్లాగే కనబడతాయట. ఏది అసలు తప్పో, ఏది దాని వల్ల పుట్టిందో తేల్చలేక చాలాకాలం సతమతమైంది. "ఊకె తప్పు అంటె అది తిట్టయితది. ఎక్కడుందో, ఎట్ల సరిచేసుకోవాల్నో చెప్తెనే సాయమైతది" అనేది. పిల్లల నోటుపుస్తకాల్లో ఉత్త ఇంటూ గుర్తు పెట్టి వదిలేయడం నేను ఆ మాటతోనే మానేశాను.

అమ్మ ఆమె వంటకు రోజుకో వంక పెట్టేది. ఒకనాడు వదిన నెమ్మదిగా, "అత్తమ్మా, ఉన్నయన్నీ ఇయ్యాలనే చెప్పుండ్రి. మళ్లొచ్చే వరకు నేర్చుకుంట" అంది. అమ్మకు నవ్వాగలేదు. వాళ్లిద్దరి మధ్య తలుపు తెరుచుకున్నది ఆ రోజే.

ప్రోగ్రాము పూర్తయిన కొద్దికాలానికే ఆఫీసుకు వేరే యంత్రం వచ్చింది. వదిన రాసింది దాని మీద నడవదన్నారు. మళ్లీ రాస్తానంటే, అవసరం లేదన్నారు. ఆ వారం ఇంటికొచ్చి, జ్వరమేమో అనుకుని పడుకుంది.

జ్వరం కాదు. దవఖానలో మొదట రక్తం తక్కువన్నారు. మందులు వాడాక కడుపులో గడ్డ ఉందన్నారు. అది కోసి తీశాక, లివర్‌కు కూడా పాకిందన్నారు. ఆ రోజు తోడుగా నేనే ఉన్నాను. "డాక్టర్‌సాబ్, ఇంకేమేమున్నయో అన్నీ ఒక్కపారే చెప్పుండ్రి. నాతోని అయితలేదు" అంది వదిన.

"ఒకటి తేలితె గానీ ఇంకోటి తెల్వదమ్మా" అన్నాడాయన.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. తర్వాత తనే అంది: "ఆయన అన్నది నిజమే. కొన్ని తప్పులు, మొదటిదాన్ని తీస్తె గానీ కనబడయి. నా ప్రోగ్రాముల గూడ అసొంటియి ఉండె. వాటిని నేను పట్టలేకపోయిన."

ఆమె చేయి పట్టుకున్నాను. ఎముకలు చేతికి తగిలాయి.

సమాధుల తోటలో ఆమెను మట్టి చేసినప్పటినుంచి వానలు తెరిపివ్వలేదు. తడిసిన మట్టి కుంగి, నడుమ గుంట పడి నీళ్లు నిలుస్తున్నాయి. ఆఫీసుకు పోయే ముందు అన్న తట్టతో ఎర్రమట్టి మోసుకొచ్చి, గుంట నింపి, చేతులతో అదుముతాడు. మధ్యాహ్నం బడి నుంచి అటుగా వెళ్లి చూస్తాను. మళ్లీ కుంగి ఉంటుంది.