మాడిందనుకుని పారేసిన అన్నం

ఆ రోజుల్లో విన్నిపెగ్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా ఒక తెలుగు మొహం కనబడేది. క్లాసులు, పార్ట్‌టైమ్ ఉద్యోగం, మిగిలితే నిద్ర. వంట రాని మాకు (నాకు అనాలి, మిగతావాళ్ళు త్వరగానే నేర్చుకున్నారు) ఇంటి ఓనరు ఎవరన్నదే అదృష్టం. నాకు దొరికినావిడ ఒక ఇరానీ ఆంటీ. భర్త పోయాక పై అంతస్తులో ఒక్కతే ఉండేది. ఏం వండినా నన్ను పైకి పిలిచి ఒక పళ్ళెం చేతిలో పెట్టేది: కుంకుమపువ్వు రంగు పట్టిన అన్నం, ఎండు నిమ్మకాయలు వేసి ఉడికించిన మాంసం కూర. ఆ వైభోగం ఫోన్లో వర్ణిస్తే నరసాపురంలో మా అమ్మ గొంతు తగ్గించింది. "కుంకుమపువ్వా? అది కడుపుతో ఉన్నవాళ్ళకి పాలల్లో వేసి ఇస్తారు కదే! ఆవిడ నీకెందుకు పెడుతోంది? ఈ సంగతి చర్చిలో ఎవరితోనూ అనకు."

ఆంటీకి ఒక్కతే కూతురు. డెంటిస్టు చదువు మధ్యలో మానేసి వాంకూవర్ వెళ్ళిపోయింది. రెండేళ్ళుగా తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. ఆ అమ్మాయి ఒకసారి, ఆదివారం వస్తున్నానని, రెండు రోజులే ఉంటానని మెసేజ్ పెట్టింది. ఆ ఆదివారం ఆంటీ పొద్దుటినుంచీ వంటింట్లోనే ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరుతూ, మూతకి గుడ్డ చుట్టిన పెద్ద గిన్నె చూపించి, "ఐదున్నరకి స్టవ్ ఆపెయ్ తల్లీ. మూత మాత్రం తియ్యకు" అని తన ఇంగ్లీషులో రెండుసార్లు చెప్పింది.

ఐదింటికి వాసన మొదలైంది. మా ఇంట్లో అన్నం అడుగంటిందంటే వండినవాళ్ళ పరువు పోయినట్టే. ఆంటీ పరువు కాపాడాలని స్టవ్ ఆపి మూత తీశాను. పైన తెల్లటి అన్నం మల్లెమొగ్గల్లా ఉంది. దాన్ని జాగ్రత్తగా బేసిన్లోకి తీశాను. అడుగున ఎర్రగా, గట్టిగా, గిన్నెంత వెడల్పున మాడు! అట్లకాడతో గీకి చెత్తబుట్టలో వేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? గిన్నెని తళతళా తోమి బోర్లించాను కూడా.

వాళ్ళిద్దరూ వచ్చారు. దారంతా మాట్లాడుకోలేదని మొహాలే చెబుతున్నాయి. ఆంటీ పెద్ద పళ్ళెం పట్టుకుని స్టవ్ దగ్గరికెళ్ళి ఆగిపోయింది.

"గిన్నె ఏది?"

"అడుగంతా మాడిపోయింది ఆంటీ. పారేసి తోమేశాను."

ఆవిడ పళ్ళెం కింద పెట్టి కుర్చీలో కూలబడింది. "అది మాడు కాదు. పెరుగూ కుంకుమపువ్వూ కలిపి అడుగున కావాలని కరకరలాడేలా చేసింది. చిన్నప్పుడు అది లేకపోతే నా కూతురు అన్నమే ముట్టేది కాదు."

కూతురు చెత్తబుట్టలోకి తొంగి చూసింది. మెరుస్తున్న గిన్నె చూసింది. నా మొహం చూసింది. తర్వాత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, కోటు విప్పి కుర్చీమీద పడేసింది. "మళ్ళీ చేద్దాం మామన్," అంది తల్లితో. "పెరుగు ఎంత వెయ్యాలి?"

"నీకు తెలియదా?"

"ఎప్పుడైనా నన్ను చెయ్యనిచ్చావా?"

ఆంటీ లేచి బియ్యం కడిగింది. నాకు చిన్న ఇత్తడి రోలు ఇచ్చి, కుంకుమపువ్వులో చిటికెడు పంచదార వేసి నూరమంది. వాళ్ళిద్దరూ ఫార్సీలో మొదట పొడిపొడిగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత చాలా మెల్లగా మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎప్పుడో మెత్తగా అయిపోయిన పొడిని నూరుతూనే ఉన్నాను, ఆపితే ఇద్దరూ నావైపు తిరుగుతారేమోనని. ఒకసారి తలెత్తితే కూతురు తల తల్లి భుజంమీద ఉంది. గరిటె గాలిలో ఉంది.

రెండో గిన్నె బోర్లిస్తే సగం అడుగు ఊడి రాలేదు. ముగ్గురం నిలబడే చేతులతో పెళ్ళలు ఊడదీసుకుని తిన్నాం. రెండు రోజులకని వచ్చిన అమ్మాయి వారం ఉండిపోయింది.

వెళ్ళేరోజు బేస్‌మెంట్‌లోకి దిగి వచ్చి నన్ను గట్టిగా కౌగలించుకుని, "చాలా థాంక్స్" అంది. గిన్నె తోమినందుకు కాబోలనుకుని, "దానిదేముంది, మా ఇంట్లో నాకది అలవాటే" అన్నాను. ఇరవై మూడేళ్ళ ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఎంత నిజాయితీగా అందో ఆ మాట! ఇప్పుడు ఏజాక్స్ ఊళ్ళో నా వంటింట్లో నిలబడి తల్చుకుంటే, ఆ పిల్లకి అసలు సంగతి విప్పి చెప్పాలనిపించదు. అలాగే ఉండనిస్తే బాగుంటుందనిపిస్తుంది.