కొత్తూరు నుంచి వచ్చినామె

భాద్రపద బహుళ చతుర్దశి, శనివారం సాయంత్రం. శంషాబాద్‌లోని మా ఇంట్లో ఉన్నవాళ్లు: నేను, మా ఆవిడ, షాద్‌నగర్ నుంచి వచ్చిన మా అక్క, బావ.

మర్నాడు పెత్తరమాస. పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. ప్రతి ఏడూ నాయన పేరు, తాత పేరు, అమ్మ పేరు చెప్పి, నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి ఒట్టి ‘నాయనమ్మ’ అని ఊరుకుంటాను. ఆమె పేరు మాకు తెలియదు. మా వైపు కోడళ్లను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. ఆమె కొత్తూరు నుంచి వచ్చింది కనుక అందరికీ కొత్తూరామె. నేను పుట్టకముందే పోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను గాని, అంతకు ముందరి మనిషిని ఏ పుటలో వెతకను? అక్కను మాత్రం పెంచింది ఆమే.

“నేను పోతే ఆమెను చూసినోళ్లు ఒక్కరుండరు తమ్మీ,” అన్నది అక్క. “ఈసారన్న పేరు పెట్టి బియ్యం ఇయ్యాలె.”

వంశవృక్షాలు కట్టుకునేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో పాత రికార్డుల కేటలాగు ఒకటి ఉందని రాజేంద్రనగర్‌లో ఉండే నా పాత సహోద్యోగి చెప్పాడు. మనిషి పేరు తెలియకపోయినా ఊరి పేరుతో వెతకవచ్చట. మాకు ఉన్నదే ఊరి పేరు. ఇది మా కోసమే పెట్టినట్టుందనుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

కొత్తూరు అని కొట్టాను. శ్రీకాకుళం వైపు ఒకటి, నెల్లూరు వైపు ఒకటి, కేరళలో ఒకటి, అలా కొత్తూర్లు వరుసగా దిగాయి. రాష్ట్రం ఏదని అడిగింది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు ఇది నిజాం రాజ్యం. తర్వాత హైదరాబాద్ రాష్ట్రం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ. ఏది సరైనదో తేలక ఒక్కొక్కటే నొక్కి చూశాను. అప్పుడు జిల్లా అడిగింది. జిల్లాలు అంతకంటే ఎక్కువసార్లు మారాయి. ఒకచోట మాత్రం రికార్డు ఉందని వచ్చింది. తెరిస్తే, ఎక్కడో ఏదో కంటోన్మెంటులోని ఇంగ్లీషు సిపాయిల సమాధుల జాబితా.

“మీ నాయనమ్మ దొరసానా ఏంది బామ్మర్దీ,” అన్నాడు బావ.

“మీరు జర ఊకోండ్రి,” అన్నది అక్క.

“గంత దూరం ఎందుకు వదినా,” అన్నది మా ఆవిడ. “మీరు వచ్చే తొవ్వల హైవే మీదున్న కొత్తూరే కావచ్చు. బస్సు దిగి అడిగితే అయిపోతది.”

“గది కాదు. ఆమె పుట్టింటికి ఎడ్లబండిల పోయేటోళ్లం. నడుమ ఒక ఊర్ల పండుకొని మళ్లా పొద్దున బయలెల్లేటోళ్లం. గీ కొత్తూరుకు గంతసేపు పడ్తదా?”

“మరి ఏ దిక్కుకు పోయేటోళ్లు?” అని అడిగాను.

“చిన్నపోరిని. గడ్డి మీద పండుకునేదాన్ని. దిక్కు నాకేమెరుక?”

నాకు ఇంకో దారి తట్టింది. “పుట్టినూర్లన్న పేరు పెట్టి పిలుస్తరు గద అక్కా. అక్కడ ఏమనేటోళ్లు?”

అక్క కళ్లు మూసుకుని గుర్తు చేసుకుంది. “శంషాబాదామె వచ్చింది అనేటోళ్లు.”

ఈ ఊళ్లో ఆ ఊరి పేరు, ఆ ఊళ్లో ఈ ఊరి పేరు. ఆశ చావక శంషాబాద్ అని కూడా కొట్టాను. ఉత్తరాదిలోని శంషాబాద్‌లు వచ్చాయి.

బావ చాయ్ కప్పు కింద పెట్టాడు. “మా ఊర్ల మా ఇంటామెను గూడ శంషాబాదామె అనే అంటరు. రేపు మనుమలు ఎతుక్కుంటే విమానాల టైమింగులు వస్తయి.”

ఈసారి అక్క కూడా నవ్వింది. నవ్వి, “అయితే లేనట్టేనా తమ్మీ,” అన్నది. నేను ఇంకో జిల్లా నొక్కాను. కనిపిస్తున్నవి ఇందాక చూసినవో, చూడనివో నాకే తెలియడం లేదు. మా ఆవిడ అన్నానికి పిలిచేదాకా అలాగే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున అయ్యగారు వచ్చారు. మా ఆవిడ పళ్లెంలో బియ్యం, పప్పు, కూరగాయలు తెచ్చి పెట్టింది. నాయన, తాత, అమ్మ అయ్యారు.

“నాయనమ్మగారి పేరు?”

నేను అక్కవైపు చూశాను.

“కొత్తూరామె,” అన్నది అక్క.

“అది ఊరు కదమ్మా. పేరు చెప్పండి.”

“రాత్రంతా గదే ఆలోచన చేసిన అయ్యగారూ. ఆమె గట్ల పిలుస్తేనే పలికేది. ఇంకో పేరుతోని పిలుస్తే ఎవరినో అనుకొని ఊకుంటది.”

అయ్యగారు గోత్రం చెప్పి, కొత్తూరామె అన్నారు. నేను దోసిలితో బియ్యం వదిలాను.

ఆయన వెళ్లాక అడిగాను. “మరి నిన్న నాతోని గంతసేపు ఎందుకు ఎతికించినవు?”

“నిన్న నాకు తెల్వలే,” అని అక్క ఖాళీ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది.