మూత మీది అంకెలు

మా చెల్లెలు ఎన్నో ఏళ్లుగా కారు నడపడం నేర్పుతోంది. పక్క సీట్లో ఆమె కాలి కింద రెండో బ్రేకు ఉంటుంది. దాని మీద పాదం ఆన్చి, గొంతు పెంచకుండా, వణికిపోయేవాళ్ల చేత కూడా బండి నడిపించగలదు. శిష్యులు చాటుగా 'బ్రేకమ్మ' అంటారు. ఆ సంగతి తెలిసి ఆమె నవ్వుకుంటుంది. అటువంటి మనిషిని ఇంజిన్లు పాడుచేసేదని ఊరంతా చాటినవాడి గురించి రాస్తున్నాను. మర్యాదగానే రాయాలని కూర్చున్నాను. ఎంతవరకు సాధ్యమో చూడాలి.

ఆమె పాతది అమ్మేసి కొత్త కారు కొన్నది. ఉచిత సర్వీసులు అయిపోయాక, దగ్గర కదా అని వీధి చివరి గ్యారేజీలో ఆయిలు మార్పించింది. దాని యజమాని బోర్డు మీద తనను తాను 'ఇంజిన్ డాక్టర్' అని రాయించుకున్నాడు. ఆ గ్యారేజీలో ఉన్నది ఒకే డ్రమ్ము. లారీ వచ్చినా, వ్యాను వచ్చినా, నిన్న షోరూమ్ నుంచి దిగిన కారు వచ్చినా అందులోంచే తోడి పోస్తారు. ఏ రోగానికైనా ఒకే సీసాలోని మందు పోసే వైద్యుణ్ణి జనం ఊరికే వదులుతారా?

ఆ మర్నాటి నుంచి, పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజిన్ పైభాగంలో టకటకమని చప్పుడు. తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి విని తీర్పు చెప్పాడు.

"అక్కా, ఇదంతా నీ శిష్యుల పుణ్యం. ఎడాపెడా తొక్కేస్తుంటే ఇంజిన్ ఏడవదా మరి?"

"పక్కన నేనే ఉంటాగా? ఎవరెలా తొక్కుతున్నారో నాకు తెలీదా?"

"నేనూ అదే కదా అంటున్నా!" అని పనివాళ్లవైపు చూసి నవ్వాడు.

ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. ఆమె పనిచేసే డ్రైవింగ్ స్కూలు యజమాని చెవిన పడింది. ఆయన పిలిచి, "మేడమ్, సోమవారానికి ఆ చప్పుడు పోకపోతే మీ దగ్గర నేర్చుకునేవాళ్లను వేరే కారుకి మార్చేస్తాను. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఏమీ అనుకోకూడదట! ఇన్నేళ్ల మంచిపేరు ఒక్క చప్పుడుకు పోవాలట!

ఇంట్లోకి వచ్చిన ఏ కాగితాన్నీ పారేయని అలవాటు నాది. ఆ కారు పుస్తకం కూడా నా బీరువాలోనే ఉంది. తీసుకెళ్లి గ్యారేజీలో నిలబడి చదివాను. ఆయిలు పేరులో డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో అది ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. అంకె చిన్నదయ్యేకొద్దీ అంత త్వరగా పైకి చేరుతుంది. వెనకున్న అంకె ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఈ కారుకు కావలసింది జీరో డబ్ల్యూ ట్వంటీ. డ్రమ్ము మీద ఉన్నది ట్వంటీ డబ్ల్యూ ఫిఫ్టీ. ఇప్పటి ఇంజిన్లలో ఆయిలు దారులు ఇరుకు. ఆ చిక్కటి ఆయిలు పైదాకా ఎక్కేలోపు ఇనుమును ఇనుము కొట్టుకోక ఏం చేస్తుంది?

"పెద్దాయనా, బళ్లు పుస్తకాలతో నడవవు. చిక్కగా ఉంటేనే ఇంజిన్‌కి బలం. నీళ్లలాంటిది పోస్తే నాలుగు రోజుల్లో పట్టేస్తుంది. అప్పుడు మళ్లీ నన్నే అంటారు" అన్నాడు డాక్టరు.

కోపంతో ఆ పేజీని అతని ముఖం ముందు పెట్టి మళ్లీ చదవబోయాను. మా చెల్లెలు నా చేతిలోని పుస్తకం మూసింది.

"నువ్వాగు అన్నయ్యా." బానెట్ ఎత్తి, ఆయిలు పోసే చోట మూత తిప్పి తీసి అతని అరచేతిలో పెట్టింది. "చదువు బాబూ. ఏం రాసుంది?"

నల్లటి మూత మీద, ఉబ్బెత్తుగా, పుస్తకంలోని అవే అంకెలు. ఆ మూతను తిప్పి తీసి, పక్కన పెట్టి, తప్పు ఆయిలు పోసి, తిరిగి దాన్నే బిగించిన చెయ్యి అది! పుస్తకం చదవకపోతే పోనీ, చేతిలో ఉన్నదాన్నయినా చూడవద్దా?

"కంపెనీవాళ్లు సవాలక్ష రాస్తారులే అక్కా..."

"మరి ఇంజిన్ చేసిందెవరు, మీ మామయ్యా?"

ఈసారి పనివాళ్లు అతన్ని చూసి నవ్వారు.

ఆమె వేరే చోట పాతదంతా దించి, ఫిల్టరు మార్పించి, సరైన ఆయిలు పోయించింది. సోమవారం పొద్దున్నే స్కూలు యజమానిని పిలిచి, చల్లారి ఉన్న బండి తాళం ఆయన చేతికే ఇచ్చింది. ఆయన తిప్పాడు. ఇంజిన్ మెత్తగా అందుకుంది.

"బాగానే ఉందే!" అన్నాడు. అంతే. పొరపాటైందన్న మాట ఆయన నోట రాలేదు. డాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు. బండి దానంతటదే సర్దుకుందని ప్రచారం చేస్తున్నాడట. ఆ డ్రమ్ము ఇప్పటికీ అక్కడే ఉంది.

అయితే బ్రేకమ్మ ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లను ముందే స్టీరింగ్ ముట్టనివ్వదు. బానెట్ ఎత్తించి, మూత మీది అంకెలు పైకి చదివిస్తుంది. ఆ పాఠం సరిగ్గా గ్యారేజీ ఎదుటే బండి ఆపి చెబుతుంది.